తోకచుక్క పటంలో నల్లటి మూల

మీలో చాలామంది తాడిపత్రి నుంచి కంబదూరు మీదుగా మడకశిరకు పోయి ఉండరు. పోవలసిన పని కూడా ఉండదు. నాకు ఒక పని పడింది. ఇరవై ఎనిమిదేళ్లుగా నల్లగా ఉండిపోయిన ఒక ఫోటో మూల సంగతి తేల్చుకురావాలి.

ఆ ఫోటో తోకచుక్కది. మడకశిరలో స్టూడియో పెట్టుకున్న నా నేస్తం హనుమంతరాయప్ప, నేను సగం సగం వేసుకుని కొన్న ఫిల్ము కెమెరాతో, కంబదూరు దగ్గర ఒక చేనులో, మాఘమాసం తెల్లవారుజామున తీశాం. చుక్కలు కదులుతాయి గనక కెమెరాను కూడా వాటితోపాటు మెల్లగా తిప్పాలి. దానికోసం రెండు చెక్కలకు మడతబందు వేసి, ఒక మర బిగించాను. హనుమంతరాయప్ప గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాడు. కంబళి కప్పుకుని వంగి, లెక్కపెట్టుకుంటూ మర తిప్పాడు. నేను గడియారం చూశాను.

కడిగి చూస్తే పటంలో నడుమ వెలుగు, అంచులకు పోయేకొద్దీ మసక. అంతవరకు తప్పు పట్టను, అది ప్రతి లెన్సుకూ ఉండే గుణమే. కానీ ఎడమ పైమూల మాత్రం మసి పూసినట్టుంది. తోక సరిగ్గా ఆ మూలలోకే పోయి మాయమైంది. ఒక పత్రికకు పంపితే తోక తెగిందని తిప్పి పంపారు.

"నీ కంబళి అంచు లెన్సుకు అడ్డం వచ్చింది" అన్నాను హనుమంతరాయప్పతో. రాలేదని ఒకసారి అన్నాడు. నేను అరిచాక రెండోసారి అనలేదు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను. కెమెరా అతని దగ్గర, నెగెటివు నా దగ్గర ఉండిపోయాయి. మాటలు ఎవరి దగ్గరా మిగల్లేదు.

నేను చదివింది ఐదో తరగతి. నలభై ఏళ్లు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశాను. బండను వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూస్తే ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో నా కన్ను చెప్పేస్తుంది. ఫోటో విద్య కూడా పాత పుస్తకాలు కూడబలుక్కుని నేర్చుకున్నదే. అందుకే చదువుకున్నవాళ్లు తేలిగ్గా మాట్లాడితే నాకు మండుతుంది. మా ఊరి జిరాక్సు అంగడి ఆమె ఈ నెగెటివు చూసి, "స్కాన్ చేస్తే కంప్యూటరు ఒక్క నిమిషంలో మూల వెలిగిస్తాది తాతా" అంది. వెలిగిస్తుంది, కాదనను. కానీ మూల ఎందుకు చీకటయిందో కంప్యూటరు చెబుతుందా? నాకు కావలసింది అది.

దానికి ఒకటే దారి. అదే కెమెరా, అదే లెన్సు, దాన్ని అప్పుడెంత తెరిచామో అంతే తెరిచి, అంతటా ఒకే వెలుగున్న దేన్నయినా ఫోటో తీయాలి. అందులో చుక్కలుండవు, తోకలుండవు. లెన్సుకు ఎక్కడ ఎంత మసక ఉందో అదొక్కటే పడుతుంది. ఆ ఉత్త పటంలో కూడా ఎడమ మూల నల్లగా వస్తే తప్పు లెన్సుది. రాకపోతే కంబళిది. మడకశిరకు బండలు తోలే లారీ డ్రైవరు ఒకాయన, వచ్చే ఒకటో తేదీ నుంచి హనుమంతరాయప్ప తన డార్క్‌రూమును సెల్లు కవర్ల అంగడికి బాడిగకు ఇస్తున్నాడని చెప్పాడు. ఆ గది పోతే కడిగే చోటు పోతుంది. బయల్దేరాను. నిజం చెప్పాలంటే రాజీ పడటానికి కాదు, రుజువు చేయడానికి.

బస్సులో టిఫిను డబ్బా

నెగెటివును స్టీలు టిఫిను డబ్బాలో పెట్టుకుని ఒళ్లో పట్టుకున్నాను. అనంతపురంలో నా పక్కన అంగడి శెట్టిగారు ఒకాయన ఎక్కాడు. మా సీమలో బస్సులో డబ్బా విప్పితే పక్కవాడికి పెట్టకుండా తినరు. విప్పకుండా గంటన్నర కావిలించుకుని కూర్చున్నవాణ్ని ఏమనుకుంటారో నాకు తట్టలేదు. ఆయన తన జొన్నరొట్టె మూట విప్పి, ఒక రొట్టెలో చెనక్కాయల పొడి వేసి నా చేతిలో పెట్టి, "తినన్నా. నీ డబ్బా నువ్వు ఇంటికే తీస్కపో. మేమేం లాక్కోములే" అన్నాడు.

సిగ్గుపడి మూత తీసి చూపించాను.

"ఇదేమి, ఫోటో రీలా?" అని వెలుతురుకు పెట్టి చూశాడు. "నేను వంకాయ కూర అనుకుంటి గదప్పా!"

ఆ రొట్టె ఆయన భార్య చేసిందట. మా తాడిపత్రి రొట్టెకన్నా పలుచన. పొడిలో ఉప్పు ఒక పిసరు ఎక్కువ. అయినా మూడు తిన్నాను. కళ్యాణదుర్గంలో బొరుగుల ఉగ్గాని, బజ్జీ నలభై రూపాయలు. బజ్జీ చల్లారిపోయింది. అడిగితే "వేడిది కావాలంటే పొద్దున్నే రావాల" అన్నాడు హోటలువాడు. నేను తాడిపత్రిలో పొద్దున్నే బయల్దేరానని అతనికెలా తెలుస్తుంది? తెలిసినా అలాగే అనేవాడు.

కంబదూరు దగ్గర చేను

మొదట ఆ చేను చూడాలనుకున్నాను. చెట్టో గుట్టో ఆ మూలకు అడ్డం వచ్చి ఉండవచ్చు. ముద్దాయిని నిలబెట్టే ముందు తక్కిన అనుమానాలు తీరాలి కదా.

ఆషాఢపు గాలి మనిషిని తోసేస్తోంది. ఆకాశంలో మబ్బులు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుతున్నాయి గాని చినుకు లేదు. దున్ని పెట్టిన ఎర్రమట్టి చేలు విత్తనం కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. అప్పుడు మేం కెమెరా నిలబెట్టిన గుండు రాయి దొరికింది. దాని మీద నిలబడి తోకచుక్క వైపు చేయి చాపి అటూ ఇటూ తిరుగుతున్నాను. చేని గట్టున రాళ్లేరుతున్న ఒకామె కొంగు బిగించుకుని వచ్చింది.

"ఎవురప్పా నువ్వు? బోరు పాయింటు చూసేదానికి వచ్చినావా? మాకొద్దు సామీ. ఇప్పటికే మూడు బోర్లేసి మూడూ ఎండినాయి. ఎవురు పిలిచినారు నిన్ను?"

"నేను నీళ్లు చూసేవాణ్ని కాదమ్మా. ఆకాశం చూసేవాణ్ని."

"నీళ్లుండేది ఆడే గదా! ఎప్పుడు పడతాదో చెప్పు మళ్లా."

ఆమె పేరు నాగమ్మ. ఆ చేను వాళ్లదే. విత్తనం కాయలు వొలిచి ఇంట్లో పెట్టుకుని పద్దెనిమిది రోజులయిందట. నన్ను వేపచెట్టు నీడకు పిలిచి రాగి అంబలి పోసి, నంచుకోవడానికి ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, ఇచ్చింది. మా తాడిపత్రి వైపు అంబలి చిక్కగా కాస్తారు, ఇక్కడ గడగడ తాగేటట్టు కాస్తారు. ఎండకు ఇదే మేలు. తాగుతూ మూల కథంతా చెప్పాను. ఆమె విని చేతిలోని రాయి కింద పడేసింది.

"పటంలో ఒక మూల నల్లగయిందని ఇరవయ్యెనిమిదేండ్లు మాట్లాడలేదా? మా ఇంటాయన చూపిచ్చిన తావులోనే మూడు బోర్లూ ఎండినాయి. నేను మాట్లాడతాండానే ఆయప్పతో!"

"అది వేరమ్మా."

"ఏం వేరు? నీళ్లకంటే పటం గొప్పదా?"

నేను గిన్నె కింద పెట్టి మళ్లీ గుండు ఎక్కాను. ఆ గుండు మీంచి చూస్తే తోకచుక్క లేచిన దిక్కున చెట్టు గాని గుట్ట గాని లేదు. ఇప్పుడు గాలిమరలు ఉన్నాయి గాని అప్పుడు లేవు. అనుమానాలు రెండే మిగిలాయి. దిగుతూ పల్లేరుకాయ మీద కాలు పెట్టాను. నాగమ్మ చీరపిన్నుతో ముల్లు తీసి, "పోయి మాట్లాడు, పో" అంది.

మడకశిర, మొదటి సాయంత్రం

మడకశిరలో దిగితే సగం మాటలు కన్నడం. టీకొట్టులో "దుడ్లు ఆడ పెట్టు" అన్నారు. పదిహేను రూపాయలు పెట్టాను. మా ఊళ్లో పది. సంతలో చేత్తో నేసిన కంబళి ధర అడిగితే మూడు వేలన్నారు. కొనే ఉద్దేశం లేకుండా ఎందుకడిగానో నాకే తెలియదు.

హనుమంతరాయప్ప భార్య పుట్టమ్మ తలుపు తీసి నన్ను గుర్తుపట్టలేదు. పేరు చెప్పాక లోపలికి పోయి బెల్లం ముక్క, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మా వైపు ఉత్త నీళ్లే ఇస్తారు. ఇంటికి వచ్చినవాడు ఎవడయినా ముందు నోరు తీపి చేయడం ఈ కన్నడ అంచు ఊళ్ల మర్యాద. పోట్లాడటానికి వచ్చినవాడికి ఇది కొంచెం ఇబ్బంది.

హనుమంతరాయప్ప బయటినుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఓబులయ్యా? ముసలోడివయినావే!"

"నువ్వేమన్నా పడుచోడివా?"

"కెమెరాలో నీ సగం కోసం వచ్చినావా?"

"కాదు, రుజువు కోసం" అని వచ్చిన పని చెప్పాను.

అతను చెప్పులు విడవడానికి చాలాసేపు తీసుకున్నాడు. "తప్పు నాదేనని ఆ పొద్దే అంటివి గదప్పా. మళ్లా రుజువెందుకు?"

"అది నోటిమాట. ఇది రుజువు."

"సరే, తియ్యి" అని లోపలికి పోయి కెమెరా తెచ్చాడు. మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. తోకచుక్క తీసే ముందు లెన్సుకు నేను చేసిచ్చిన రేకు గొట్టం అలాగే ఉంది. పక్కవెలుతురు లెన్సు మీద పడకుండా బిగించేది. పాలిష్ పొడి డబ్బాను కత్తిరించి, అతుకు వేసి, లోపల నల్లరంగు పూశాను. తుప్పు ఒక్క చుక్క లేదు. ఏటా నూనె గుడ్డతో తుడిచేవాడట. నా పనితనం చూసి నాకే గర్వమేసింది.

ఫిల్ము నేనే తెచ్చుకున్నాను. ఒక్క రీలు పన్నెండు వందలు! పూర్వం ఆ డబ్బుకు ఇంటిల్లిపాదికీ బట్టలొచ్చేవి. ఒకే వెలుగు కోసం నా తెల్లపంచె తెచ్చాను. పొద్దు గూకాక మిద్దె మీద తాడుకు కట్టి, ఆకాశపు వెలుతురులో దాన్ని ఫోటో తీయాలని. గాలికి పంచె రెండుసార్లు నా ముఖానికి చుట్టుకుంది. పుట్టమ్మ నవ్వు ఆపుకుంటూ కింది కొసలకు రాళ్లు కట్టింది. ఎనిమిది పటాలు తీశాను. హనుమంతరాయప్ప గోడకు ఆనుకుని దూరంగా నిలబడ్డాడు. కెమెరా దగ్గరికి రాలేదు. కోపం అనుకున్నాను.

నీలిమందు

ఫిల్ము కడగాలంటే నీళ్లు కావాలి. వాళ్ల వీధికి కొళాయి నాలుగు రోజులకొకసారి. పుట్టమ్మ ఏమీ అనకుండా రెండు బిందెలు డార్క్‌రూము గుమ్మంలో పెట్టింది. మూడోది అడగడానికి నాకు నోరు రాలేదు. తీసినంతవరకు ఫిల్ము కత్తిరించి, రాత్రే ఒక్కో చెంబు లెక్కపెట్టి కడిగి, పొద్దున ఆ ముక్క ఆరాక కిటికీకి పెట్టి చూస్తే, అంతా చారలు! మూల నల్లగా ఉందా తెల్లగా ఉందా తెలియనంత చారలు.

"ఫిల్ము కడిగే మందు చచ్చిపోయింది" అని అరిచాను. "ఏ కాలంనాటి మందు ఇది? చెప్పద్దా?"

హనుమంతరాయప్ప తల వంచుకుని, "పోయిన నెలే కలిపినాను" అన్నాడు మెల్లగా.

"అయితే కలపడం చేతకాలేదు!"

మిద్దె మీదినుంచి పుట్టమ్మ నా పంచె పట్టుకుని దిగింది. పొద్దుటి ఎండలో దాన్ని రెండు చేతులతో పరిచి చూపింది.

"అన్నా, ఈ పంచె ఎవురు ఉతికినారు?"

"నేనే. ఈ పనికోసమని నీలిమందు రెండింతలు వేసి మరీ ఉతికాను. తెలుపు బాగా రావాలని."

"బకెట్లో నీలిమందు కరగకముందే ముంచినావు. సూడు, ఈడ నీలం, ఈడ తెలుపు. చారలు చారలుగా ఉండాది. ఇంతోటిదానికి మందును, మనిషిని తిడితే ఎట్లన్నా?"

బండ మీద వెంట్రుకవాసి పల్లం కనిపెట్టే కన్ను నాది. సొంత పంచె మీద జానెడు జానెడు చారలు కనపడలేదు. హనుమంతరాయప్ప పెదవి చివర నవ్వు కనపడింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అదే మొదటిసారి.

మధ్యాహ్నం రాగిముద్ద, ఉలవల చారు. మా ఊళ్లో సంగటిలో బియ్యం వేస్తాం. ఇక్కడ ఉత్త రాగిపిండే. నమలకుండా మింగాలని పుట్టమ్మ నేర్పింది. నమిలినందుకు "పంటికి అంటుకుంటే నా పూచీ కాదు" అని కూడా అంది.

మోడం

మర్నాడు లేచేసరికి గాలి నిలిచి, ఆకాశమంతా ఒకే రంగు మబ్బు కమ్మి ఉంది. ఎక్కడా చీలిక లేదు, నీడ లేదు. పుట్టమ్మ వాకిట్లో నిలబడి పైకి చూసి, "ఊరికే మోడం పట్టుకున్యాది. పడదు, పోదు" అని విసుక్కుంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఏమన్నా, అంతటా ఒకే తెలుపు కావాలంటివే. పైన అంతగుడ్డ పరిచి ఉండాదే. నీ పంచెతో పనేమి?"

నాగమ్మ గుర్తొచ్చి, ఆ మబ్బును చూసి సంతోషపడటానికి మనసొప్పలేదు. అయినా మిద్దె మీద కెమెరాను వెల్లకిలా పడుకోబెట్టాం. ఆకాశంలోనే ఒక పక్క వెలుగు ఎక్కువుంటే? అందుకని ఒక్కో పటానికీ కెమెరాను పావు వంతు తిప్పుతూ నాలుగు తీశాను. నలుపు ఆకాశానిదైతే పటం పటానికీ మూల మారుతుంది. లెన్సుదైతే కెమెరాతోపాటే తిరిగి, ఫిల్ము మీద ఎప్పుడూ ఒకే మూలలో ఉంటుంది.

"గొట్టం తీసి కూడా నాలుగు తీద్దాం" అన్నాను నేనే. గొట్టం వల్ల ఏమీ కాదని చూపించాలని. దాని మీద నాకంత నమ్మకం.

కడిగాం. ఇద్దరం కిటికీ దగ్గర భుజాలు తగిలేటట్టు నిలబడి చూశాం. మొదటి నాలుగు నెగెటివుల్లోనూ ఎడమ పైమూల వెలిసిపోయి ఉంది, అంటే పటంలో అక్కడ నలుపే. కెమెరా ఎటు తిప్పినా ఆ ఒక్క మూలే. తర్వాతి నాలుగింట్లో నాలుగు మూలలూ సమానంగా, మామూలు మసకగా ఉన్నాయి.

గొట్టం చేతిలోకి తీసుకుని, బండను చూసినట్టు ఏటవాలుగా చూశాను. అతుకు దగ్గర రేకు రెండు పొరలు. లోపలి పొర అంచు వడ్లగింజంత గొట్టంలోకి పొడుచుకొచ్చింది. లెన్సును చిన్నగా తెరిచి పగటి ఫోటోలు తీసినంతకాలం అది అడ్డురాదు. చుక్కలకోసం పూర్తిగా తెరిస్తేనే వస్తుంది. హనుమంతరాయప్ప తీసిన పెళ్లిళ్లలో, పాసుఫోటోల్లో అందుకే ఎన్నడూ బయటపడలేదు.

"అయితే..." అన్నాడు హనుమంతరాయప్ప. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "నా కంబళి కాదా?"

నేను గొట్టాన్ని మళ్లీ వెలుతురుకు పెట్టాను.

"నువ్వు అరిచినాక నేను రాత్రంతా యోచన చేసినానప్పా. వంగినప్పుడు అంచు ఎగిరిందేమో, నాకు తెలీకుండానే పడిందేమో అని. ఇరవయ్యెనిమిదేండ్లూ నేనే చెరిపినాననుకుంటి."

పుట్టమ్మ గుమ్మంలోంచి అంది. "ఆ పొద్దు నుంచి కంబళి కప్పుకోలేదన్నా ఈయప్ప. ఎంత చలైనా సరే. 'నా కంబళి ఒకని పటం చెరిపింది' అని మూలకేసినాడు. చుక్కల పటం మళ్లా ఒకటి తీసింది లేదు."

మొన్న మిద్దె మీద కెమెరాకు దూరంగా ఎందుకు నిలబడ్డాడో అప్పుడు తెలిసింది. అతను ఒప్పుకున్నాడని ఇన్నేళ్లూ గెలిచినట్టు తిరిగాను. నేను గొంతు పెంచి నమ్మించినది ఒప్పుకోవడం ఎట్లా అవుతుంది? క్షమించమనే మాట మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. ఎట్లా అనాలో కూడా తెలియదు.

"హనుమంతరాయప్పా, గొట్టం నాది" అన్నాను. "అతుకు నాది. తప్పు నాది."

అతను గొట్టాన్ని నా చేతిలోంచి తీసుకుని తిప్పి చూశాడు. చూసి చూసి, "ఒక డబ్బారేకుతో ఇరవయ్యెనిమిదేండ్లు చలికి వొణికించినావు గదప్పా నన్ను" అన్నాడు. అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ గోడ పట్టుకుని కింద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఇద్దరం నవ్వే ముఖాలతోనే కళ్లు తుడుచుకున్నాం.

ఎదురు మచ్చ

రుజువు అయిపోయింది, పటం మిగిలింది. దాన్ని బాగుచేసే పద్ధతి రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మబ్బును తీసిన ఉత్త నెగెటివును మరో ఫిల్ము ముక్క మీద పెట్టి, నడుమ పలుచటి ప్లాస్టిక్కు కాగితం వేసి, చీకట్లో క్షణంపాటు వెలుతురు చూపాలి. దాన్ని కడిగితే తిరగబడిన మచ్చ వస్తుంది. నెగెటివులో చిక్కగా ఉన్నచోట పలుచన, పలుచనగా ఉన్నచోట చిక్కన. ఆ ఎదురు మచ్చను తోకచుక్క నెగెటివుకు మూల మూలకూ సరిపెట్టి జతచేస్తే హెచ్చూ తగ్గూ ఒకదాన్నొకటి పూడ్చుకుంటాయి. గొట్టం లేకుండా తీసినది చక్కగా ఉంది కదా అని దాన్ని వాడకూడదు. గొట్టంతో తీసినదే వాడాలి. తప్పుతో సహా కొలిస్తేనే ఆ తప్పు పోతుంది.

రెండుసార్లు మచ్చ మరీ చిక్కనయి చెడింది. మూడోసారి హనుమంతరాయప్ప చేశాడు. అతని చేయి నాకన్నా నిదానం. ప్రింట్లు వేసే పాత కాగితం ప్యాకెట్టులో నాలుగు మిగిలి ఉంటే ఒకటి మందులో వేసి, ఎర్రలైటు కింద ఇద్దరం వంగాం. ముందు తల వచ్చింది. తర్వాత తోక, పలుచగా, పొగలాగ. ఎప్పుడూ తెగే చోటు దాటి ఎడమ మూలలోకి ఇంకా రెండు వేళ్ల మేర పోయింది. అంచు తగలకముందే సన్నబడి ఆగింది. తోక తెగలేదు. మొత్తం పటంలోనే ఉంది, మొదటినుంచీ.

"ఉండాది" అన్నాడు హనుమంతరాయప్ప. అంతే అన్నాడు.

రెండు ప్రింట్లు వేశాం. ఒకటి అతనికి, ఒకటి నాకు. తప్పు నాదని వెనక రాసి సంతకం పెడతానన్నాను. అతను పెన్ను ఇవ్వలేదు.

"ఎనక రాస్తే గోడకు తెలుస్తాది. నువ్వు నా కంబళి కతను ఎంతమందికి చెప్పింటావు?"

బస్సులో అది లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఫ్యాక్టరీలో నాతో పనిచేసినవాళ్లందరికీ చెప్పాను. మంగలి అంగళ్లలో, పెళ్లి పందిళ్లలో, కెమెరా కనపడిన ప్రతిచోటా చెప్పాను. వాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ల ఇళ్లకు తిరిగి చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఇది రాశాను. నా నోటినుంచి ఆ కథ విన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే తెలుసుకోండి. మూల చెరిపింది నా గొట్టం.

ఇంకొక సంగతి. ఇంటికొచ్చాక భూతద్దం పెట్టి పటమంతా వెతికాను. అన్ని నిమిషాలపాటు, ఆ చలిలో, వంగి, చేత్తో మర తిప్పుతూ తీసిన పటంలో ఒక్క చుక్క కూడా గీతగా సాగలేదు. అన్నీ చుక్కలే. మర తిప్పే లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు హనుమంతరాయప్ప. మూల చూస్తూ కూర్చుని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అతనితో ఆ మాట అనలేదు. ఇప్పుడంటున్నాను.